మీట ఉన్నదా, లేనిదా

కోటిలింగం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా సందేహం అడిగితే, అది తనకే వచ్చినట్టు ముందుకు వంగి, తిరిగి ప్రశ్నలు వేసేవారు. రేపల్లెలో ఆయన దగ్గర నాదస్వరం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసినా, ఆ ఉదయం త్రిమూర్తులుకి అడగక తప్పలేదు.

అంతకు ముందు ఒక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే వేళకు అతనికి ఊపిరి అందలేదు. పైషడ్జం మీద, ఆ పైస్థాయి 'స' మీద నిలబడాల్సిన చోట స్వరం తెగిపోయింది. డోలు వాయించే బావమరిది అంకారావు జోరు పెంచి ఆ సందు కప్పేశాడు గాని, పెళ్ళివారిలో ఒక పెద్దాయన తల తిప్పి చూసిన చూపు త్రిమూర్తులుని వదల్లేదు. ఏళ్ళ తరబడి కాలుస్తున్న సిగరెట్లు ఆ రోజే మానేశాడు. మానేసి ఊరకే ఉండలేక, హైదరాబాదులో ఉన్న స్నేహితుడి చేత సిగరెట్టుకి బదులు పీల్చుకునే, బ్యాటరీతో పనిచేసే వేప్ పెన్నులు రెండు తెప్పించుకున్నాడు. అప్పటికి వాటి మీద ఇంకా నిషేధం రాలేదు. ఒకటి ఉంచుకుని రెండోది తిరిగి పంపేయాలి.

"దీనికి వోల్టేజి మార్చుకునే మీట ఉందండి. రెండోదానికి లేదు, ఎప్పుడూ ఒకటే. ఏది ఉంచుకోమంటారు?"

మాస్టారు కోప్పడతారనుకున్నాడు. ఆయన రెండింటినీ చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, ఒకదాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"మామిడిపండు వాసనేమిటి దీనికి? సరే, మీట పెంచితే ఏమవుతుంది?"

"లోపలి తీగ బాగా వేడెక్కుతుందండి. పొగ ఎక్కువొస్తుంది, ఘాటుగా ఉంటుంది. మరీ పెంచితే మాడు వాసన."

"తగ్గిస్తే?"

"మెత్తగా ఉంటుంది. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయి చివరికి మానేయొచ్చని నా ఆలోచన."

"బాగుంది. ముందు మీట ఉన్నదే వాడి చూడు. తిప్పొద్దని నేననను. తిప్పినప్పుడల్లా ఏం తోచి తిప్పావో గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పు. నాకూ తెలుసుకోవాలనే ఉంది."

త్రిమూర్తులు ఆయన ఎదుటే మీటను అడుగంటా తగ్గించి, ఆ పెన్నుని జేబులో వేసుకుని, రెండోదాన్ని ఆయన దగ్గరే ఉంచాడు. మళ్ళీ పాఠానికి వచ్చిన రోజున తీసి చూస్తే అది అన్నిటికన్నా పెద్ద అంకె మీద ఉంది. తిప్పిన చెయ్యి తనదే. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. ఎప్పుడు తిప్పాడో ఎంత తడుముకున్నా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చెబుతుంటే సిగ్గేసింది.

మాస్టారి కళ్ళు మాత్రం మెరిశాయి. "ఒక్కటీ గుర్తులేదా? చిత్రంగా ఉందే! అయితే ఆ రెండోది పట్టుకెళ్ళు."

రెండోదానితో త్రిమూర్తులుకి ప్రాణం కుదుటపడింది. మీటే లేదు, ఇక తిప్పేదేముంది? తెనాలిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, పందిరి వెనక కుర్చీలో కూర్చుని నిశ్చింతగా పీలుస్తున్నాడు. పక్కనే డోలు వార్లు బిగిస్తున్న అంకారావు చెయ్యి ఆపి అతన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఏంట్రా?" అన్నాడు త్రిమూర్తులు.

"ఏం లేదు బావా. లాగడం మొదలెట్టినవాడివి ఎంతకీ ఆపట్లేదు. నాకే ఊపిరాడక చచ్చాను."

త్రిమూర్తులుకి నవ్వొచ్చింది. తర్వాత కుతూహలం కలిగింది. మళ్ళీ నోట పెట్టుకుని, ఈసారి గమనిస్తూ లాగాడు. పొగ పలచనగా ఉంది గనక, కావలసిన ఘాటు అందేదాకా రొమ్ము నిండా లాగుతూనే ఉన్నాడు. లోపల ఆగకుండా, వణక్కుండా, సన్నటి దారంలా సాగుతోంది గాలి. ఎక్కడో ఎరిగిన నిడివి అది. ఎక్కడిదో తట్టేసరికి చేతిలోదాన్ని ఒళ్ళో పెట్టేసుకున్నాడు. మేళం మొదలుపెట్టమని పెళ్ళివారు పిలిచినా వెంటనే లేవలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్ళి, రెండు పెన్నులూ చాప మీద పెట్టి జరిగింది చెప్పాడు.

"స్వరం తెగిపోయిన ఆ పెళ్ళిలో నేను పైషడ్జం మీద ఎంతసేపు నిలబడాలో, దీన్ని అంతసేపు లాగుతున్నాను మాస్టారూ. ఒకదాంట్లో మీట తిప్పాను, రెండోదాంట్లో ఊపిరే పెంచాను. ఇప్పుడు చెప్పండి, ఏది ఉంచుకోను?"

మాస్టారు వాటివంక చూడలేదు. గోడకు ఆనించి ఉన్న నాదస్వరం తీసి, నోట పెట్టుకునే పీక సరిచేసి, అతని చేతికిచ్చారు.

"అంతసేపు లాగావా!" అన్నారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఊపిరి ఉందన్నమాట."