భద్ర కళ్ళూ, తోకలేని నెమలీ

అనగనగా ఓ ఊరుందే బంగారూ, ఊరంతా మగ్గాలే! తెల్లారితే చాలు, టకటకా టకటకా! ఆ ఊళ్ళో మార్కండేయులని ఒక నేతగాడు. అతనికి భద్ర అని, నీ అంత కూతురు.

భద్ర పట్టుపోగులు అతుకుతుంటే చూసి తీరాలి. వెంట్రుక కంటే సన్నటి పోగు తెగినా ఊరంతా ఆ పిల్లనే పిలిచేది. "మా భద్రవి గద్ద కళ్ళు!" అని వాళ్ళ నాయన మీసం తిప్పేవాడు.

బళ్ళో మాత్రం నల్లబల్ల మీదున్నది ఒక్క ముక్క చదివేది కాదు. మొదట దిక్కులు చూసింది. ఆ తర్వాత పక్కపిల్ల పలకలో చూసి ఎక్కించింది. చివరికి బడంటేనే కడుపునొప్పి అంది.

"అంత మంచి కళ్ళుండీ చదవదంటే బద్ధకమే. సోమవారం నుంచి బడి మాన్పించి మగ్గం దగ్గర కూర్చోబెడతా" అన్నాడు నాయన. పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. వింటేగా!

అప్పుడేమైందో తెలుసా? శనివారం పొద్దున్నే పోం పోం అంటూ కంటి బండి వచ్చింది! ఎవరో మంచివాళ్ళు చందాలేసుకుని ఊరూరా తిప్పే బండి. పైసా తీసుకోరు. అందులోంచి గ్రేసమ్మ అనే డాక్టరమ్మ దిగింది. బడిపిల్లలందరి కళ్ళూ వరసగా చూస్తూ భద్రనీ రమ్మంది.

"నా కూతురి కళ్ళకి వంక పెడతావా తల్లీ? దాని చేతికి పోగిచ్చి చూడు!" అని మార్కండేయులు అడ్డం పడ్డాడు.

గ్రేసమ్మ గడుసుది. "పోగు సంగతి సరే బాబాయ్. నువ్వు నేసిన చీరొకటి ఆ ఎదురింటి దండెం మీద ఆరెయ్యి" అంది. ఆరేశాడు. కొంగు నిండా చేతంత చేతంత నెమళ్ళు.

"భద్రమ్మా, అదేంటో ఇక్కణ్ణుంచే చెప్పు."

"ఏదో ఎర్రగా ఉంది. దుప్పటా?"

మార్కండేయులి మొహం పాలిపోయింది. "నెమళ్ళు కనబళ్ళేదా అమ్మా?" అన్నాడు మెల్లిగా.

"అంత దూరానివి ఎవరికి కనబడతాయి నాయనా?"

పాపం, లోకమంతా అందరికీ మసకే అనుకుంది! దగ్గరివి చూసే కళ్ళకి దూరానివి ఆనకపోవచ్చని ఆ పోగుల మనుషులకి తట్టనే లేదు.

అప్పుడు గ్రేసమ్మ పిల్ల ముక్కుమీద ఇనప చట్రం పెట్టి ఒక అద్దం వేసింది. మసక. ఆ తర్వాత రెండోది వేసింది. మసక పల్చబడింది. మూడోది వేసిందో లేదో, భద్ర గంతేసింది!

"నాయనా! నెమళ్ళు! ఒకటి, రెండు, మూడు... అయ్యో, మూడోదానికి తోకేదీ?"

జనమంతా ఎదురింటికి పరుగో పరుగు! నిజమే, మూడో నెమలి మొండిగా నిలబడుంది. "ఏం మార్కండేయులూ, మధ్యలో కోడిపెట్టని నేశావేం?" అని ఒకటే నవ్వులు.

"కళ్ళజోడు పెడితే ఈ పిల్లనెవరు చేసుకుంటారో" అని ఒకావిడ మూతి తిప్పింది. మూతి జబ్బుకి ఏ బండిలోనూ మందుండదు, వదిలెయ్!

"నలభై దాటితే దగ్గరివి తప్పిపోతాయి బాబాయ్. నువ్వూ కూర్చో, చూస్తా" అంది గ్రేసమ్మ.

"నా సంగతి తర్వాత. ముందు పిల్లకియ్యి తల్లీ" అన్నాడు మార్కండేయులు, కళ్ళు తుడుచుకుంటూ. "సోమవారం దానికి బడుంది."

భద్ర పోయె బడికి,
కథ పోయె కంచికి,
నిదరొచ్చె నీ కంటికి!