నేతి దుకాణానికి బొమ్మ

పేరిశెట్టిగారు కోటవీధిలో నెయ్యి దుకాణం తెరుస్తూ, ముందు వేలాడదీసే బొమ్మ కోసం చిత్రకారుణ్ణి వెతికారు. ఆస్థాన చిత్రకారుడు మెలితిరిగిన మీసంతో శెట్టిగారినే గీసి తెచ్చాడు. నేను నేతికుండ గీసుకెళ్లాను.

“నా దుకాణానికి నా మొహం కాక కుండ ఏమిటయ్యా?” అని శెట్టిగారు నవ్వారు.

“మీ మొహమే కట్టించండి. మొదట వచ్చినవాడు నెయ్యి అడిగితే నా దారిన నేను పోతాను,” అన్నాను.

కట్టించారు. కాసేపటికి పొరుగూరి రైతొకడు లోపలికొచ్చి, తలపాగా తీసి, శెట్టిగారి ఎదుట చతికిలబడ్డాడు.

“బయట బొమ్మలో ఉన్నట్టే నాకూ మీసం దిద్దవయ్యా,” అన్నాడు.

శెట్టిగారు మీసం తడుముకుని నావైపు తిరిగారు. “కుండే కట్టు. రేపు నా గుర్రాల అంగడికీ నువ్వే గీయాలి.”

కుండ తప్ప నాకేదీ గీయడం రాదని ఆయనకెలా చెప్పను?