వాసన లేని పొర

ఆదిశేషయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. అడిగినవాళ్ళ ముఖం కాసేపు చూసేవారు. చేతిలో ఏదైనా పని ఉంటే అది పూర్తిచేసేవారు. ఆ తరువాత తాను చూసిన సంగతి ఏదో ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆయన వాదించగా నేనెన్నడూ వినలేదు. నాగావళి ఒడ్డున ఆయన ఉండే పెంకుటింటికి పెద్ద చదువులు చదివినవాళ్ళూ, ఉద్యోగాలతో విసిగినవాళ్ళూ చాలామంది వచ్చేవారు. వాళ్ళలో కొందరు ఈ పద్ధతి నచ్చక వెళ్ళిపోయేవారు. వసుధ మాత్రం ఉండిపోయింది. కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, ఆ పని మానుకుని మరీ ఆయన దగ్గర చేరింది.

ఉదయగిరి వైపు నుంచి కొందరు వచ్చి, తమ ఊళ్ళో సత్సంగం నడపడానికి ఎవరినైనా పంపమని అడిగారు. గురువుగారు వసుధను వెళ్ళమన్నారు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ ఆమె ముఖంలో కళ తప్పింది. ఒక ఉదయం ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే, వచ్చి ఎదురుగా కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను.

"గురువుగారూ, నేను వెళ్ళి వాళ్ళకేం చెప్పను? మీ దగ్గర విన్నవే చెప్పాలి. మీరేమో అవి మీ గురువుగారి మాటలంటారు. మధ్యలో నేనెందుకు? నాదంటూ ఒక్క మాటైనా లేకుండా అంతమంది ముందు ఎలా నిలబడను? కనీసం నా అనుభవం కాస్త కలిపి చెప్పుకోనివ్వండి."

గురువుగారు మిగిలిన చిక్కుళ్ళకు కూడా ఈనెలు తీశారు. పళ్ళెం పక్కకు జరిపి, తన వెనకటి జీవితంలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఈ దారికి రాకముందు ఆయన ప్యాకెట్లకు వాడే ప్లాస్టిక్ ఫిల్ము తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. అక్కడి పరీక్షల గది ఆయన చేతికింద ఉండేది. ఉల్లిపొరలా ఉండే ఆ ఫిల్ము చూసేవాళ్ళకు ఒకటే పొర. నిజానికి కొన్ని పొరలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. పైది దెబ్బలు ఓర్చుకుంటుంది. లోపలిది వేడి తగిలితే కరిగి అతుక్కుని ప్యాకెట్ మూతి మూస్తుంది. అన్నిటికంటే పల్చనిది నడుమ ఉంటుంది. బయటి గాలిని రానివ్వకుండా, లోపలి వాసనను పోనివ్వకుండా కాసేది అదే. నీళ్ళను ఏ కవరైనా ఆపుతుంది. వాసన నీటికంటే సూక్ష్మం. చుక్క కారని కవరులోంచి కూడా అది మెల్లగా వెళ్ళిపోతుంది.

"ఆ గదిలో మేం చేసే పరీక్షల్లో ఒకటి నాకు మొదట్లో విచిత్రంగా ఉండేది," అన్నారు గురువుగారు. "ఫిల్ము ముక్కలు గాజు సీసాలో వేసి, మూత బిగించి, వెచ్చటి చోట ఉంచేవాళ్ళం. తరువాత మూత తీసి వాసన చూడాలి. ఫిల్ముదంటూ ఏ వాసనా రాకూడదు. ఏ కాస్త వచ్చినా ఆ ఫిల్ము చుట్ట మొత్తం పనికిరాదు."

ఆ రోజుల్లో రేపల్లె నుంచి కనకరత్నమ్మ అనే ఆవిడ ఫ్యాక్టరీకి వచ్చింది. ఇంట్లో చారుపొడి చేసి అమ్మడం ఆవిడ వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పొడికి గొప్ప పేరు. దూరం పంపితే మాత్రం, అందేసరికి వాసన పోయి ఉత్త పిండిలా మిగులుతోందని ఆవిడ దిగులు. ఆదిశేషయ్యగారు రకరకాల ఫిల్ముల్లో ఆ పొడి నింపి, ఎండలో కొన్నీ తేమలో కొన్నీ ఉంచి చూసి, చివరకు ఒకదాన్ని ఎంచి ఇచ్చారు. ఆవిడ స్వయంగా కొట్టి తెచ్చిన ఆ పొడి ప్యాకెట్లు ఒకటి రెండు నమూనాగా గది అలమరలో ఉండిపోయాయి. కనకరత్నమ్మ చారుపొడి ఆ తరువాత ఎన్నో ఊళ్ళు వెళ్ళింది. కొన్నేళ్ళకు ఆవిడ కాలం చేసింది.

ఆవిడకు ఇద్దరు పిల్లలు. కొడుకు పాండురంగం, కూతురు తులసి. ఇద్దరికీ తల్లి దగ్గరుండి పని నేర్పింది. ఆవిడ పోయాక కొలతల దగ్గర మాట తేడా వచ్చింది. ధనియాలు ఇంకాస్త వేగనివ్వాలని తులసి అంటే, అమ్మ అలా ఎన్నడూ వేయించలేదని పాండురంగం అన్నాడు. మిరియాలు ఎక్కువేస్తున్నావని ఆమె అంటే, అమ్మ చెయ్యి నీకేం తెలుసన్నాడు. ఇద్దరూ వేరుపడి ఎవరి పొడి వాళ్ళు చేయడం మొదలుపెట్టారు. రెండు ప్యాకెట్ల మీదా అదే తల్లి ఫోటో. తల్లి తద్దినానికి పాండురంగం చెల్లెలిని పిలవలేదు. పిలిచినా వెళ్ళేదాన్ని కానని తులసి ఊళ్ళో అందరితో చెప్పింది.

ఈ గొడవ ఆదిశేషయ్యగారి చెవిన పడింది. అలమర సర్దించినప్పుడు అట్టడుగున ఆ పాత ప్యాకెట్ ఒకటి ఆయన కంటపడింది. అన్నాచెల్లెళ్ళిద్దరికీ కబురు చేశారు.

ఒకరి గడప ఒకరు తొక్కరు కాబట్టి, తెనాలిలో వాళ్ళ పిన్ని శ్యామలాంబగారి ఇంట్లో కలుసుకున్నారు. ఆవిడ కనకరత్నమ్మకు సొంత చెల్లెలు. చాపకు ఆ చివరా ఈ చివరా కూర్చుని, ఎవరి పొడి ప్యాకెట్ వాళ్ళు ముందు పెట్టుకున్నారు. ఆదిశేషయ్యగారు తల్లి కొట్టిన ఆ పాత ప్యాకెట్ నడుమ పెట్టారు.

"ఇందులో ఉన్న పొడికి ఎవరిది కలిస్తే అమ్మ ఫోటో వాళ్ళది. రెండోవాళ్ళు తీసెయ్యాలి. సరేనా?" అన్నాడు పాండురంగం.

"సరే. నాకేం భయం లేదు," అంది తులసి, అన్నవైపు చూడకుండా.

ఆదిశేషయ్యగారు ముందే చెప్పారు, చాలాకాలం అయింది, లోపల వాసన మిగిలి ఉంటుందని తాను మాట ఇవ్వలేనని. ఆయనకూ నమ్మకం లేదు. ఎన్నో వేసవులు ఆ అలమరలోనే గడిచిపోయాయి. కత్తెర తీసుకుని ప్యాకెట్ మూల కత్తిరించారు.

మొదట ధనియాల వాసన వచ్చింది. వెనకే మిరియం, ఎండిన కరివేపాకు. వాటన్నిటి అడుగున, పేరు చెప్పలేని వెచ్చటి వాసన ఒకటి, అప్పుడే రోలు దగ్గర నుంచి లేచి వచ్చిన మనిషి చీరె చెంగు నుంచి వచ్చేలాంటిది. గది నిండింది. వసారా దాటి పెరటివైపు వెళ్ళింది. తులసి చెయ్యి తన ప్యాకెట్ మీద అలాగే ఉండిపోయింది.

అప్పుడు పెరట్లో గిన్నెలు తోముతున్న శ్యామలాంబగారు తడి చేతులతోనే గబగబా లోపలికి వచ్చారు. "అక్కా, ఎప్పుడొచ్చావే? కబురైనా చెయ్యలేదు," అంటూ వచ్చి, గడప దగ్గర ఆగిపోయారు. గదిలో ఉన్న ముగ్గురినీ చూశారు. తలుపు పట్టుకుని అక్కడే కిందికి కూలబడ్డారు.

చాలాసేపటికి పాండురంగం తన ప్యాకెట్ చింపి వాసన చూశాడు. తల వంచుకున్నాడు. "ఇది అమ్మది కాదు," అన్నాడు.

తులసి కూడా తనది చూసుకుంది. "నాదీ కాదన్నయ్యా."

"అమ్మ పొడి ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుందనుకున్నాను తులసీ. ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి."

"నేనూ అంతే. గుర్తు తప్పుతుందేమోనని భయమేసినప్పుడల్లా ఇంకో చిటికెడు వేసేదాన్ని. అమ్మకి దగ్గరవుతుందనుకున్నాను," అని ఆమె ఏడ్చింది.

శ్యామలాంబగారు లేచి కళ్ళు తుడుచుకుని, ఆ పొడితో చారు పెట్టారు. అందరూ ఒకే పంక్తిన కూర్చుని తిన్నారు. మిగిలిన పొడిని అన్నాచెల్లెళ్ళు గాజు సీసాలో పోసి, గట్టిగా మూతపెట్టి, రేపల్లె తీసుకువెళ్ళారు. అక్కడ తల్లి వాడిన మూకుడు ముందు కూర్చుని, ఒకరు వేయిస్తే ఒకరు వాసన చూస్తూ, ఇన్నాళ్ళుగా తాము కలుపుకుంటూ వచ్చినవి ఒక్కొక్కటే తీసేస్తూ పోయారు. అది కుదరడానికి చాలా రోజులే పట్టిందట. ఆ తరువాత ఇద్దరిదీ ఒకటే పొడి, ఒకటే ప్యాకెట్.

"ఆవేళ వాళ్ళు వంటింట్లోకి వెళ్ళాక నేను చాప మీద పడి ఉన్న కవరు చేతిలోకి తీసుకున్నాను," అన్నారు గురువుగారు. "వెలుగుకు పట్టి చూశాను. వెంట్రుక కన్నా పల్చన అమ్మా అది. మా మిషన్ల మీద రోజూ చుట్టలు చుట్టలుగా వచ్చేదే. ఎంత చూశానో లెక్కలేదు. కాని ఆవేళే మొదటిసారి చూసినట్టనిపించింది. ఆవిడంటే ప్రాణం పెట్టే పిల్లలు, కావాలని కాదు, తెలియకుండానే మార్చేశారు. ఆవిడెవరో కూడా తెలియని ఆ పొర రవ్వంత మార్చలేదు. ఇన్నేళ్ళూ చీకట్లో ఒక్కతే ఉంది, తనదంటూ ఏమీ కలపలేదు. దానికి దండం పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తే నవ్వుతారనే ఆలోచన కూడా రాలేదు."

ఆ ఏడాదే ఆయన ఉద్యోగం వదిలి, తన గురువుగారిని వెతుక్కుంటూ వెళ్ళారని మాకు అప్పుడే తెలిసింది.

ఏటి మీద నుంచి గాలి వచ్చి ఈనెల్ని అరుగు మీద అటూ ఇటూ దొర్లించింది. వసుధ నెమ్మదిగా అడిగింది.

"అయితే నేను ఏమీ కలపకుండా, విన్నదాన్ని భద్రంగా దాచుకుంటే చాలా, గురువుగారూ?"

గురువుగారు చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని లేచారు. వంటింటివైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగారు.

"ప్యాకెట్ కత్తిరించిన తరువాతే కదమ్మా, వాళ్ళ పిన్ని పెరట్లోంచి లోపలికొచ్చింది."