దుంప తెగకుండా

కోదండం మాస్టారిని ప్రశ్న అడగడమంటే పని కొనితెచ్చుకోవడమే. పెద్దాపురంలో ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. "మనసు నిలవడం లేదు మాస్టారూ, ఏం చెయ్యమంటారు?" అని వచ్చినవాడి ముందు మునగాకు కట్ట పడేసి దూయమంటారు. "నాకు రావలసినంత పేరు ఎందుకు రాలేదంటారు?" అని వచ్చిన ఒక పెద్దమనిషి మధ్యాహ్నందాకా చింతపండులో గింజలు తీసి, జవాబు సంగతి మరిచిపోయి, భోంచేసి వెళ్ళాడు. జవాబు దొరకలేదని అలిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. భోజనం మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఇదంతా తెలిసి కూడా త్రిపుర ఆ రోజు పొద్దున్నే వచ్చి, వాకిట్లో చెప్పులు విడుస్తూనే అడిగేసింది.

"మాస్టారూ, ఉన్న నిజం చెప్పడం తప్పా?"

తప్పెందుకవుతుందమ్మా అంటారని ఆమె ఆశ. ఆ ఒక్క మాట ఆయన నోట వింటే చాలు, ఇంటికి వెళ్ళి కాస్త కంటినిండా నిద్రపోవచ్చు. కొన్నాళ్ళుగా ఆ నిద్రే కరువైంది.

త్రిపురకి ఊళ్ళో ఒక పేరుంది, తెగేసి చెప్పే మనిషి అని. ఆ పేరంటే ఆమెకి లోలోపల మురిపెం కూడానూ. ఇప్పుడు తనే పిల్లలకి సంగీతం చెబుతోంది కదా, మా అమ్మాయికి గొంతుందంటారా అని ఏ తల్లయినా అడిగితే నాన్చడాలూ, నసగడాలూ ఉండవు. లేదంటే లేదనే. కొందరు తల్లులు ఏడుస్తూ వెళ్ళారు. నిజం చెప్పినందుకు ఏడిస్తే ఆ ఏడుపు వాళ్ళదే గానీ తనది కాదని త్రిపుర లెక్క. ఆ లెక్క ఇన్నేళ్ళూ బాగానే నడిచింది. తల్లి పోయాక చెల్లెలు హైమకి జడలు వేసి, అన్నం కలిపి పెట్టి, పెళ్ళిదాకా తీసుకొచ్చింది త్రిపురే. హైమా మాస్టారి శిష్యురాలే. పెళ్ళయి సామర్లకోట వెళ్ళి, ఇద్దరు పిల్లల పెంపకంలో పడి పాట వదిలేసింది. ఈ మధ్యే మళ్ళీ మాస్టారి దగ్గర సాధన మొదలుపెట్టి, శ్రీరామనవమి పందిట్లో పాడింది. పైస్థాయిలో గొంతు జారింది, శ్రుతి తప్పింది. పాట అవగానే మొహమంతా చెమటతో గబగబా అక్క దగ్గరికొచ్చి, "ఎలా ఉందక్కా?" అనడిగింది. త్రిపుర అలవాటు ప్రకారం, నలుగురూ వింటుండగానే తెగేసి చెప్పింది.

"శ్రుతి నిలవలేదే. ఈ గొంతుతో ఇంక నీకు పాట కుదరదు. మానేయ్."

హైమ నవ్వింది. నవ్వింది కదా అని త్రిపుర పానకం తాగి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత తెలిసింది, హైమ ఒక్కతే మాస్టారింటికి వచ్చి, పళ్ళూ తాంబూలమూ ఆయన చేతిలో పెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టుకుని, ఇక పాట చాలిస్తున్నానని సెలవు పుచ్చుకుని వెళ్ళిందట. అక్కకి ఒక మాటైనా చెప్పలేదు. అక్క ఫోన్ చేస్తే ఎత్తడమూ లేదు. ఏ పిల్లకైతే తను సరిగమలు పలకడం నేర్పిందో ఆ పిల్ల తన మాట విని నోరు మూసుకుంది. త్రిపురకి నిద్ర పట్టనిది అందుకే.

వంటింట్లోంచి మాస్టారి గొంతు వినిపించింది. "వేళకొచ్చావమ్మాయ్. ఆ పళ్ళెంలో బంగాళాదుంపలున్నాయి, కడిగి పట్రా. తొక్క తియ్యకు."

మాస్టారి భార్య మాణిక్యమ్మగారు విశాఖలో కూతురి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు వంటిల్లు మాస్టారి రాజ్యం. ఆ రాజ్యంలో జరిగిన నష్టాలు ఆవిడ తిరిగొచ్చాక గానీ బయటపడవు. మనవరాలు కేకుల కోసం కొనిపించిన ఓవెన్ ఒకటి గట్టుమీద ఉంది. ఆ పిల్లే ఫోన్‌లో ఒక వంటకం చూపించిందట. దుంపని దుంపలాగే ఉంచి, సన్నసన్నగా కోసి, నెయ్యి రాసి కాలిస్తే పుస్తకంలో ఆకుల్లా విచ్చుకుంటుంది. పైన కరకరలాడుతుంది, లోపల వెన్నలా ఉంటుంది. దాని ఇంగ్లీషు పేరుకి మాస్టారి నోరు తిరగలేదు. పుస్తకం దుంప అని ఆయనే పేరు పెట్టేసుకున్నారు. సగం పళ్ళు ఊడిపోయిన మనిషికి కరకరలాడే వంటకం మీద మనసు పడటమేమిటో గానీ, పడింది. పడ్డాక ఆయన్ని ఆపేవాళ్ళు విశాఖలో ఉన్నారు.

"బాగా సన్నగా కొయ్యాలి," అన్నారు మాస్టారు. "కానీ అడుగుదాకా వెళ్ళకూడదు. కింద కాస్త మందం వదిలెయ్యాలి. ఆకులన్నీ అక్కడ కలిసుండాలి."

"గుత్తివంకాయకి కోసినట్టేగా," అని త్రిపుర కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. "నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు."

"ముందు దాని సంగతి చూడు."

త్రిపుర కత్తిపీట ముందు కూర్చుందంటే చూసి తీరాలి. బెండకాయైనా అరటికాయైనా చకచకా ఒకే మందాన చక్రాలై రాలుతుంది. కత్తిపీటతో వచ్చిన చిక్కే అది. కత్తి కదలదు, కాయని పట్టుకున్న చెయ్యే దానిమీదికి వెళ్ళాలి, చివరిదాకా వెళ్ళిపోవడమే ఆ చేతికి ఇన్నేళ్ళ అలవాటు. మొదటి గాటు బాగానే పడింది. రెండోదీ పడింది. తర్వాత హైమ ఫోన్ ఎత్తని సంగతి గుర్తొచ్చింది కాబోలు, చెయ్యి తన దారిన తను పోయింది. చూసుకునేసరికి దుంప బిళ్ళలు బిళ్ళలుగా పళ్ళెంలో ఉంది.

మాస్టారు వంగి చూసి, నవ్వాపుకోలేకపోయారు. "నీ దుంప తెగ అని తిట్టడం వినడమే గానీ, కళ్ళారా చూడటం ఇదే అమ్మాయ్. నేను కొయ్యమన్నాను. తెగేయమనలేదు."

త్రిపుర మొహం ఎర్రబడింది. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. విస్తళ్ళు కుట్టే పుల్ల ఒకటి వెతికి తెచ్చి, బిళ్ళలన్నీ వరసగా పేర్చి గుచ్చి, దుంప ఆకారానికి తెచ్చి చూపించింది. మాస్టారు కాదనలేదు.

"దాన్నీ పెడదాం లోపల," అన్నారు. తర్వాత ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. "గుత్తివంకాయకి తొడిమ ఉంది త్రిపురా. మనం ఆగకపోయినా అది ఆపుతుంది. దీనికి తొడిమ లేదు. కోసేవాళ్ళే ఆగాలి."

రెండో దుంప దగ్గర ఆమెకి భయం పట్టుకుంది. ఎక్కడ తెగిపోతుందోనని పైపైన గీసింది. గోటితో రక్కినట్టున్నాయి ఆ గాట్లు. తనకే నచ్చక పక్కన పెట్టబోతే మాస్టారు అందుకుని, "దీన్నీ పెడదాం," అన్నారు. ఇక మూడో దుంప ఆయనే తీసుకున్నారు. దొర్లిపోకుండా అడుగు కాస్త చెక్కి, పీట మీద నిలబెట్టి, అటూ ఇటూ రెండు చెక్క గరిటెల కాడలు ఆనించారు. కత్తిపీట వెనక్కి తోసి ఆమె చేతికి చాకు ఇచ్చారు.

"ఇప్పుడు కొయ్యి. భయపడకు, గట్టిగానే కొయ్యి."

చాకు దిగింది. కాడలకి టక్కున తగిలి ఆగింది. మళ్ళీ దిగింది, మళ్ళీ ఆగింది. ప్రతి గాటూ లోతుగా ఉంది, ఏదీ తెగలేదు. త్రిపుర సగం కోసి చాకు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"మానేయ్ అన్నాను మాస్టారూ. అది అడిగింది ఎలా పాడాననే. నేను మానేయ్ అన్నాను."

మాస్టారికి ఆ పిల్లని దగ్గరికి తీసుకోవాలనిపించింది. తను చెప్పిన మొదటి పాఠానికి గౌను తొడుక్కుని, చంకలో చెల్లెల్ని ఎత్తుకొచ్చిన పిల్ల. ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి తీశారు.

"మిగతాది కోసెయ్యి," అన్నారు. "కోసి చన్నీళ్ళలో ముంచు. ఆ జిగురు వదలకపోతే ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయట, విచ్చుకోవట."

మూడు దుంపల్నీ తడి తుడిచి, నేతిలో ఉప్పూ మిరియాల పొడీ కలిపి రాసి ఓవెన్‌లో పెట్టారు. ఇద్దరూ దాని అద్దంలోకి చూస్తూ కూర్చున్నారు. సగం కాలాక మాస్టారు పళ్ళెం బయటికి తీయించారు. మూడో దుంపకి ఆకులు అప్పుడే విడుతున్నాయి. ఆ సందుల్లో ఆమె చేత మళ్ళీ నెయ్యి పోయించి, కరివేపాకు పొడి చల్లించి లోపల పెట్టించారు. ఇల్లంతా కమ్మటి వాసన. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, మాణిక్యమ్మగారు వచ్చేశారా అని అడిగి, రాలేదని తెలిసి ఓవెన్ మీద జాలిపడి వెళ్ళింది.

తీరా తీసి చూస్తే, పుల్ల గుచ్చిన దుంప కథ ముగిసిపోయింది. పుల్ల మాడింది, బిళ్ళలు జారి, అంచులు నల్లబడి, పళ్ళెమంతా పరుచుకున్నాయి. పైపైన గీసిన దుంప తొక్క ముడతలు పడిందే గానీ లోపలికి ఉప్పూ కారమూ ఏమీ పోలేదు. మూడోది మాత్రం అచ్చం తెరిచిన పుస్తకమే. అంచులు బంగారు రంగు తిరిగి, అడుగున అన్ని ఆకులూ ఒక్కటిగా ఉన్నాయి.

మాస్టారు మొదటి రెండూ తన కంచంలో వేసుకున్నారు. మాడిన బిళ్ళ నోట్లో వేసుకుని, అప్పడంలా ఉందన్నారు. చప్పటి దుంప పప్పులో నంజుకుని, ఉడకబెట్టినట్టు మెత్తగా తన పళ్ళకి ఇదే నయమన్నారు. రెండూ మెచ్చుకుంటూనే తిన్నారు. ఏ దుంప కోసం పొద్దుటినుంచీ ఉబలాటపడ్డారో దాన్ని మాత్రం ముట్టుకోలేదు. డబ్బాలో పెట్టి మూత వేసి త్రిపురకి ఇచ్చారు.

"సామర్లకోట ఆటోలు ఇప్పుడు దొరుకుతాయి. చల్లారితే మెత్తబడిపోతుంది."

"తలుపు తియ్యదేమో మాస్టారూ."

"నీకు తియ్యకపోతే దుంపకి తీస్తుంది. చిన్నప్పట్నుంచీ హైమకి దుంపలంటే ప్రాణం కదా."

హైమ తలుపు తీసింది. అక్కని చూసి పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది గానీ, రా అనలేదు. త్రిపుర లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాట చెప్పేసింది.

"ఆ రోజు శ్రుతి నిలవలేదన్నానే, అది నిజం. మానేయ్ అన్నాను చూడూ, అది నిజం కాదు. అది నా నోటి దురద. నన్ను క్షమించు హైమా."

హైమ డబ్బా అందుకుని మూత తీసి చూసింది. నిలబడే ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. ఇంకోటి తుంచింది. నడవలో బల్లమీద కూర్చుని, అక్కకి కాస్త చోటు వదిలింది. త్రిపుర వెళ్ళి ఆ చోటులో కూర్చుంది. అడుగున కాస్త ముక్క మిగిలేదాకా హైమ ఒక్కో ఆకూ తుంచుకుంటూనే ఉంది.

"బాగుందక్కా," అంది హైమ చివరికి. "అడుగున ఉప్పు పట్టలేదు."

"పట్టలేదూ?" త్రిపుర అడుగున మిగిలిన ముక్క తీసి తిని చూసింది. నిజమే, చప్పగా ఉంది. "రెండోసారి నెయ్యి పోసినప్పుడు ఉప్పు వెయ్యడం మరిచిపోయానే. ఈసారి వేస్తాను."

ఆ మాట అన్న అక్క మొహం వంక హైమ చాలాసేపు చూసింది. తర్వాత డబ్బాకి మూత పెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"నాకెక్కడ తప్పిందో చెప్పు."

"పై షడ్జం దగ్గర. అక్కడికి వెళ్ళేలోపే నీకు ఊపిరి అయిపోతోంది. ముందు కాస్త నిలుపుకుంటే అందుతుంది."

త్రిపుర నోటిదాకా ఇంకా రెండు మాటలు వచ్చాయి. గమకం గురించి ఒకటి, పందిట్లో కంగారు గురించి ఒకటి. రెండూ నిజాలే. ఆమె వాటిని మింగి, చెల్లెలి మోకాలి మీద చెయ్యి వేసి, నెమ్మదిగా శ్రుతి పట్టుకుంది. కాసేపటికి హైమ గొంతు కలిపింది.

మర్నాడు త్రిపుర మాస్టారింటికి వచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మాస్టారు వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు. హైమ శుక్రవారం నుంచి పాఠానికి వస్తానందని విన్నప్పుడు ఆయన వేళ్ళు కుర్చీ చేతిమీద ఒకసారి తాళం వేసి ఊరుకున్నాయి. చెప్పవలసిందంతా అయిపోయాక, వెళ్ళడానికి లేస్తూ, వంట విషయంలో కూడా దాపరికం ఉండకూడదని కాబోలు, త్రిపుర అంది.

"అన్నట్టు, అడుగున ఉప్పు పట్టలేదంది మాస్టారూ."

మాస్టారు ఒక కన్ను తెరిచి చూశారు.

"అంతేనా? వంట మానేయమనలేదూ?"