విసురయ్య గుడ్లు, స్వామివారి గుల్ల

"'కన్నతండ్రే గుడ్లు గుటుక్కున మింగుతున్నాడమ్మా, ఈ కళ్లతో చూశాను' అన్నారు స్వామి. కాదంటావా?" అంది పగడమ్మ.

"మింగాను," అన్నాడు విసురయ్య. "తెల్లబడ్డవి మింగాను. ఎప్పుడు కాదన్నాను?"

"విన్నావా నత్తత్తా? నోటితోనే ఒప్పుకుంటున్నాడు."

అద్దానికి అతుక్కుని నాచు గీక్కుంటున్న నత్త వెనక్కి తిరక్కుండానే అంది. "విన్నానే తల్లీ. నేను నెమ్మదిగా పాకుతానంతే, నెమ్మదిగా వినను."

ఈ గొడవంతా మూడడుగుల గాజు తొట్టెలో. విశాఖపట్నంలో, సముద్రం ఒడ్డు పేటలో, బట్టలు కుట్టే మంగవేణి ఇంట్లో, కుట్టుమిషన్ పక్కనే ఉంది ఆ తొట్టె. అందులో ఉప్పునీళ్లు. పగడమ్మ, విసురయ్య నారింజ ఒంటి మీద తెల్లచారలున్న చేపలు. ఆ జాతిలో ఆడదే ఒడ్డూ పొడుగూ, ఆడదాని మాటే చెల్లుబాటు. గుడ్లు పెట్టడం ఆవిడ పని, సాకడం ఈయన పని. కుండపెంకుకి అంటించిన గుడ్లకి పొద్దస్తమానం రెక్కలతో నీళ్లు విసురుతూ ఉండాలి. లేకపోతే ఊపిరాడక పోతాయి. పోయిన గుడ్డు తెల్లగా పాలిపోతుంది. దాన్ని ఏరి మింగెయ్యకపోతే బూజు పట్టి పక్కగుడ్డుకి అంటుకుంటుంది. విసరడమూ ఏరడమూ, ఏరడమూ విసరడమూ. అసలు పేరేంటో మర్చిపోయి తొట్టె మొత్తం వాణ్ణి విసురయ్యనే పిలుస్తుంది.

"తెల్లవి మింగావు, సరే," అంది పగడమ్మ. "మరి లోపల పిల్లకి నల్లకళ్లు వచ్చినవి ఏవి? చిట్లడానికి సిద్ధమై వెండికళ్లు వచ్చినవి ఏవి? మొన్న పెంకు నిండుగా ఉంది. ఇవాళ చూస్తే ఎలకలు కొట్టిన గోనెసంచిలా ఉంది."

విసురయ్య ప్రాణం కొట్టుకుంటున్నదీ దానికే. వాడు మేతకి పైకి వెళ్లొచ్చే ఆ కాస్త సేపట్లో మంచిగుడ్లు మాయమవుతున్నాయి.

ఇది మూడో కాన్పు. మొదటిసారి పిల్లలు బయటికొచ్చీ రాగానే ఫిల్టర్ గొట్టం లాగేసింది. రెండోసారి మంగవేణి ఫిల్టర్ ఆపింది, బాగానే ఉంది. కానీ ఉడికించిన గుడ్డుసొన గుడ్డలో వేసి పిండి పోసింది. ఆ పిల్లల నోరు సూదిబెజ్జంలో సగం ఉండదు, ముద్దలెలా మింగుతాయి? తెల్లారేసరికి సొన కుళ్లింది, నీళ్లు కంపు, పిల్లలు పోయాయి. ఈసారి ఆవిడ బుద్ధిగా కిటికీలో సీసాలు పెట్టి నాచు పట్టిన పచ్చనీళ్లు పెంచింది. ఆ నీళ్లలో కంటికి ఆనని పురుగుల్ని పెంచింది. పురుగుకి పచ్చనీళ్లు, పిల్లకి పురుగు. అంతా సిద్ధం. నిన్ననే ఫోన్లో అక్కతో అంది. "ఈసారీ పోతే తొట్టె తీసేసి ఇస్త్రీ బల్ల వేసుకుంటానే. చేపల్ని కొట్టువాడికి ఇచ్చేస్తా. జంటగా కొంటాడో, విడివిడిగా అమ్ముకుంటాడో వాడిష్టం."

విడివిడిగా అన్న మాట దగ్గర విసురయ్య రెక్క ఒక్క క్షణం ఆగిపోయింది.

సరిగ్గా ఈ గొడవ మధ్యలోకి వేంచేశాడు శంఖానందస్వామి. జాతికి సన్యాసి పీత. పుట్టుకతో సొంత గుల్ల లేదు. దొరికిన గుల్లలో దూరి, దాన్నే వీపున మోసుకు తిరుగుతాడు.

"శాంతం తల్లీ, శాంతం," అన్నాడు. "సంసారాలన్నాక గుడ్లు పోతుంటాయి. మాకా బాధ లేదు. ఇల్లూ వాకిలీ వీపు మీదే. ఓ నాచుముక్క దొరికితే మహాప్రసాదం."

"స్వామీ, మీరే దిక్కు," అంది పగడమ్మ. "ఇవాళ ఎనిమిదో రోజు. పొద్దుగూకగానే మంగవేణి తొట్టె మీద నల్లగుడ్డ కప్పుతుంది. చీకటైతే గానీ గుడ్లు చిట్లవు. అందాకా పెంకు దగ్గర మీరు కాపలా కూర్చోండి."

"మేమా? మాకీ బంధాలెందుకమ్మా," అంటూనే స్వామి పెంకు దగ్గరికి నాలుగడుగులు వేసేశాడు. "సరే, నీ కోసం. చీకటి పడ్డాక నువ్వూ కాస్త నడుం వాల్చు. చంటిబిడ్డల సంగతి మేం చూసుకుంటాం."

"మరి ఎవరు విసురుతారు?" అన్నాడు విసురయ్య.

"నేను విసురుతా. నువ్వు ఆ మూలకి పో. ఈ చుట్టుపక్కల నీ తోక కనిపించిందా, కొరికేస్తా."

పిల్లిని పిలిచి పాలగిన్నె అప్పగించడమంటే ఇదే. పెద్దావిడతో వాదించి గెలిచిన మగచేప ఆ జాతిలో ఇంతవరకు పుట్టలేదు. విసురయ్య మూలకి పోయి నత్తత్త పక్కన చేరాడు.

"అత్తా, నాచు తింటే ఒళ్లొస్తుందా?"

"పది నెలలుగా అదే తింటున్నా. నా గుల్ల నాకే లూజుగా ఉంది."

"మరి స్వామి గుల్ల చూడు. భుజాలు బయటికి తన్నుకొస్తున్నాయి. బియ్యం కుక్కిన సంచిలా ఉన్నాడు."

నత్త కొమ్ములు రెండూ అటు తిప్పి చాలాసేపు చూసింది. "నిజమేరోయ్. ఎక్కడ పెరిగిందంటావు ఈ కండ?"

"అదే నేనూ ఆలోచిస్తున్నా," అన్నాడు విసురయ్య. ఆలోచన అప్పటికే అయిపోయింది.

తొట్టె మధ్యలో ఇసుక గట్టు మీద ఓ పెద్ద గుల్ల ఖాళీగా పడుంది. మొన్ననే మంగవేణి ఒడ్డున ఏరుకొచ్చి, ఉడకబెట్టి కడిగి వేసింది. గట్టు కింద సముద్రపువ్వు, పువ్వులా ఉండే ప్రాణి. దాని రేకలు తగిలితే ఎవరికైనా ఒళ్లు మండిపోతుంది, ఒక్క ఈ చారలచేపలకి తప్ప. వాటికది పరుపు.

విసురయ్య ఆ గుల్ల ముందు నిలబడి విసరడం మొదలెట్టాడు. రెక్క ఊపినప్పుడల్లా చిటికెడు ఇసుక లేచి గుల్లలోకి పోతోంది. మధ్యాహ్నం మొత్తం అదే పని. ఇసుక మొదటి మెలిక దాటి, రెండో మెలికలో పడి, గట్టిగా కూరుకుంది. గుమ్మం దగ్గర మాత్రం శుభ్రంగా ఊడ్చినట్టు ఖాళీ.

పెంకు దగ్గర్నుంచి స్వామి కేకేశాడు. "ఏం నాయనా, గుడ్లు పోయాక గుల్లకి విసురుతున్నావా? మతి పోయిందా?"

"చేతకానివాణ్ణి స్వామీ, ఇదొక్కటే వచ్చు. కొత్తాయన వచ్చేలోపు మేడ తుడిచి పెడుతున్నా."

"కొత్తాయనెవరు?"

"మీకు తెలీదా?" అని అక్కడికక్కడే అల్లేశాడు విసురయ్య. "రేపు మంగవేణి ఇంకో సన్యాసి పీతని తెస్తోంది. ఆయన మీకంటే చిన్నవాడేలెండి. కాకపోతే ఈ మేడలో దిగితే చూడ్డానికి ఆయనే పెద్దస్వామిలా ఉంటాడు. మీరు ఆ పాకలోనే ఉంటారుగా, వైరాగ్యం కదా."

స్వామి కళ్లకాడలు రెండూ గుల్ల వైపు సాగాయి. ఇరుకు గుల్ల నడుముని నొక్కుతోంది. పైన మంగవేణి నల్లగుడ్డ దులుపుతోంది. గుడ్డ పడితే ఈ గట్టు కనబడదు, పెంకు దగ్గర విందు మాత్రం చీకట్లోనే. ముందు మేడ, తర్వాత విందు అనుకున్నాడు.

"తల్లీ, ఆ గుల్లలో ఏదో పురుగున్నట్టుంది. చూసొస్తాం," అని పగడమ్మతో చెప్పి గబగబా గట్టెక్కాడు.

ఒక చెయ్యి గుల్లలోకి పెట్టి తడిమాడు. మొదటి మెలిక ఖాళీ. చాలనుకున్నాడు. ఆశపోతుకి మొదటి మెలికే లోతు. పాత గుల్లలోంచి సర్రున ఊడొచ్చి, తోక ముందు పెట్టి కొత్త గుల్లలోకి దూకాడు.

సగమే దిగింది. ఇసుకలో తోక ఇరుక్కుంది, బొజ్జ బయట ఉండిపోయింది.

విసురయ్య అప్పటికే పాత గుల్లకి విసురుతున్నాడు. ఎనిమిది రోజులు ఆపకుండా ఆడిన రెక్క అది. గుల్ల కదిలింది, బొర్లింది, దొర్లుకుంటూ గట్టు దిగింది. దొర్లినప్పుడల్లా గుమ్మంలోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి గుడ్లు. తెల్లవి కావు. వెండికళ్లున్నవి. ఆఖరి పొర్లు పొర్లి గుల్ల పోయి సముద్రపువ్వు ఒళ్లో పడింది.

పగడమ్మ వాటిని చూసింది. తర్వాత విసురయ్యని చూసింది. "నువ్వు మింగావనుకున్నా," అంది మెల్లిగా.

"తెల్లవి మింగాను. చెప్పాగా."

ఆవిడ తిరిగి స్వామి మీదికి దూసుకెళ్లింది. నోరు తెరిచింది కూడా.

"ఆగు," అన్నాడు విసురయ్య. ఆవిడకి అడ్డం నిలబడ్డం పుట్టాక వాడికదే మొదటిసారి. "చంపితే కుళ్లుతాడు. ఒక్క పీత కుళ్లితే ఈ నీళ్లు మొత్తం విషం. పోయిన కాన్పు గుడ్డుసొనకే పోయింది, ఈ కాన్పు వీడి శవానికి పోతుంది. వదిలెయ్."

పగడమ్మ నోరు మూసుకుంది. మొగుడి మాటకి ఆవిడ నోరు మూసుకోవడమూ అదే మొదటిసారి.

"తల్లీ, మా గుల్ల..." అన్నాడు స్వామి, సముద్రపువ్వు వైపు చూస్తూ.

"వెళ్లి తెచ్చుకోండి స్వామీ," అంది నత్తత్త. "పరుపు మెత్తగానే ఉంటుంది."

నల్లగుడ్డ పడింది. విసురయ్య పెంకు దగ్గరికి పోయి తన పని తను చేసుకున్నాడు. విసరగా విసరగా చీకట్లో ఒక గుడ్డు చిట్లింది. ఆ వెనకే పది. తర్వాత లెక్క తప్పింది. మంగవేణి గుడ్డ ఒక మూల పైకెత్తి టార్చి వేసింది. వెలుగుకి ముసురుకున్న పిల్లల్ని స్టీలుగ్లాసుతో ముంచి, పక్కనే సిద్ధం చేసిన పచ్చనీళ్ల చిన్న తొట్టిలో వదిలింది. ఈసారి నోటికి సరిపడే తిండి నోటిముందే ఉంది.

పదిరోజులకి అద్దం అవతల తొట్టిలో చుక్కంత పిల్లకి తొలి తెల్లచార కనిపించింది. "నీ చారే," అంది పగడమ్మ. ఇస్త్రీ బల్ల మాట మంగవేణి మళ్లీ ఎత్తలేదు.

ఇక స్వామి. ఇసుక కూరుకున్న గుల్లలోంచి తోక పీక్కుని బయటపడి, బొజ్జ దాచుకోలేక రాయి చాటున వణుకుతుంటే మంగవేణి జాలిపడి దగ్గుమందు సీసా ప్లాస్టిక్ మూత ఒకటి నీళ్లలో వేసింది. అందులో దూరాడు. సరిపోయింది కూడా. కాకపోతే అది గాజులా తేట. పొద్దున ఏం తిన్నాడో, సాయంత్రానికి ఏం దాచాడో, ఇప్పుడు తొట్టెలో ప్రతివాడికీ తెలుసు.

కావలివాడి నోటి తీపి కాదు, వాడి గుల్ల దులిపి చూడాలి. మీ ఇంటికి కాపలా పెట్టుకున్నవాడి గుల్ల మీరెప్పుడైనా దులిపి చూశారా?