మడలంక చెలమ

వామనరావు మనసు వెన్న, కానీ ఎవరైనా కష్టపడుతున్నట్టు కనిపిస్తే చాలు, అడగకుండానే చెయ్యి పెట్టేసే తొందర మనిషి. ఆ తొందరను వెంటబెట్టుకునే ఒక ఎండాకాలం, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న మడలంక అనే చిన్న పల్లెకు వచ్చాడు.

అతనికి తిరుగుడంటే ప్రాణం. అందరూ వెళ్ళి ఫొటోలు దిగే చోట్లు అతనికి పట్టేవి కావు. బస్సు ఆఖరి స్టాపులో దిగి, అక్కణ్ణుంచి పడవో కాలిబాటో దొరికితే పండగ చేసుకునేవాడు. ఏ ఊరు వెళ్ళినా ఇట్టే కలిసిపోయేవాడు. చిక్కల్లా ఆ చేతులతోనే. ఒక పల్లెలో మబ్బు పట్టిందని, ఇసకలో ఆరేసిన చేపలన్నీ పరుగున పోగుచేసి పట్టా కప్పేశాడు. వాన రాలేదు. సగం ఆరిన చేపలు కాస్తా మక్కిపోయాయి. ఆ ఊరివాళ్ళు మర్యాదస్తులు గనక అన్నం పెట్టి మరీ సాగనంపారు.

మడలంక అతనికి చూడగానే నచ్చేసింది. చుట్టూ మడ అడవి, మధ్యలో ఇసక దిబ్బ, దిబ్బ మీద కొబ్బరిచెట్ల నీడన తాటాకు ఇళ్ళు. పోటు వేళ కాలువ నిండా నీళ్ళు, ఆటు వేళ మోకాటి లోతు బురద. ఎటు చూసినా నీళ్ళే, కానీ గొంతులో పోసుకోవడానికి చుక్క పనికిరాదు. ఊరంతటికీ తాగునీరు దిబ్బ మీద ఇసకలో తీసిన ఒక్క చెలమలోనే ఉండేది.

మసేనమ్మ అనే పెద్దావిడ తన ఇంటి అరుగు మీద అతనికి చోటిచ్చింది. ఆమె కూతురు పురిటికి పుట్టింటికి వచ్చి, అప్పుడే పండంటి పిల్లను కన్నది. మగవాళ్ళంతా వేటకని సముద్రం మీదికి వెళ్ళారు. బాలింతకు ఇచ్చే నీళ్ళ కోసం మసేనమ్మ పొద్దున్నే చెలమ దగ్గర కూర్చునేది. కొబ్బరిచిప్పతో పైపైన నీళ్ళు తీసి బిందెలో పోసేది. మళ్ళీ ఊరేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగేది. ఆ తర్వాత ఇంకో చిప్ప. మిగతా ఆడవాళ్ళు తమ వంతు వచ్చేదాకా పక్కనే కబుర్లు చెప్పుకునేవారు.

అది చూసి వామనరావు ఉండబట్టలేకపోయాడు. "పాపం, తవ్విపెట్టే మగదిక్కు ఊళ్ళో లేకపోబట్టే కదా ఈ అవస్థ!" అనుకున్నాడు. ఆడవాళ్ళు వంటపనిలో పడగానే పెరట్లో ఉన్న పార తీసుకుని చెలమను నడుం లోతు తవ్వేశాడు. నీళ్ళు బుడబుడమని ఎగదన్నాయి. అతని సంబరం అంతా ఇంతా కాదు. అరుగుల మీద సగం సగం ఉన్న బిందెలన్నీ ఆ నీళ్ళతో నింపేసి, మెచ్చుకోలు కోసం మసేనమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు.

మసేనమ్మ బిందెలోని నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఇదేం పని సేసేవు బాబూ?"

"నువ్వు కష్టపడుతుంటే చూడలేకపోయాను మామ్మా. చెలమ కాస్త లోతు చేశాను."

"తవ్వడం రాక కూకుంటన్నామా బాబూ? ఈ ఇసకలో మంచినీల్లు పాల మీద మీగడంతే ఉంటాయి. కిందంతా సముద్రమే. అందుకే సిప్పతో తీసుకుని ఆగుతాం. నువ్వు అడుగు ఉప్పుని పైకి లేపేసేవు."

"పూడ్చేస్తే?"

"పూడుత్తాం. అది తేరుకోవాలిగా! అందాకా నా బిడ్డకేం పొయ్యను? బాలింతకి కొబ్బరినీల్లు పడవు. బిందెల్లో ఉన్నయ్యి కూడా పోయినియ్యి."

అప్పుడే లోపలినుంచి "అమ్మా, దాహమేత్తంది" అని కూతురి గొంతు నీరసంగా వినిపించింది. వామనరావు తల ఎత్తుకోలేకపోయాడు. చెలమ చుట్టూ చేరిన ఆడవాళ్ళు నాలుగు తిట్టినా బాగుండును. వాళ్ళు చేతులతోనే ఇసక తోసి చెలమను పూడ్చడం మొదలుపెట్టారు.

అతన్ని తీసుకెళ్ళే పడవ మధ్యాహ్నం పోటుకు వచ్చింది. ఎక్కి వెళ్ళిపోతే ఆపేవాళ్ళు లేరు. అతను సంచీ భుజాన వేసుకున్నాడు, మళ్ళీ దించేశాడు.

"మామ్మా, అవతలి ఒడ్డున కుళాయి ఉందన్నారు. నేను నీళ్ళు తెస్తాను. తేవచ్చా?" అని అడిగాడు. బహుశా ఒకరిని అలా అడగడం అతనికి అదే మొదలు.

మసేనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "వచ్చేసరికి ఆటు తగులుద్ది. పడవ ఒడ్డుదాకా రాదు. బురదలో మొయ్యాలి. మొయ్యగలవా?"

"మోసి చూస్తాను."

ఆమె ఖాళీ బిందెలు తెచ్చి పడవలో పెట్టింది.

ఆమె అన్నంతా అయింది. పడవ తిరిగొచ్చేసరికి కాలువ తగ్గిపోయి, పడవ ఒడ్డుకు దూరంగానే నిలిచిపోయింది. వామనరావు ఒక బిందె భుజానికి ఎత్తుకుని బురదలో దిగాడు. ఒక కాలు తీస్తే రెండో కాలు కూరుకుపోతోంది. ఒడ్డు చేతికందే దూరంలో ఉండగా మోకాలిదాకా దిగబడిపోయాడు. బిందె అటూ ఇటూ ఊగింది.

ఒడ్డున మసేనమ్మ చెయ్యి చాచింది. కానీ బిందెను ముట్టుకోలేదు.

"బాబూ, పట్టుకోమంటావా?" అని అడిగి, జవాబు కోసం ఆగింది.

"వద్దు మామ్మా! నువ్వు పట్టుకుంటే నీ వైపు ఒరిగి ఒలికిపోతాయి. నా కాలి ముందు ఆ కొబ్బరిమట్ట పడెయ్యి, చాలు."

ఆమె మట్ట వేసింది. అతను దాని మీద కాలు మోపి, ఒక్క చుక్క ఒలకకుండా ఒడ్డెక్కాడు. మసేనమ్మ బిందె అందుకుని గబగబా ఇంట్లోకి వెళ్ళింది. కూతురు గుక్క తిప్పుకోకుండా తాగుతున్న చప్పుడు అతనికి బయటికి వినబడింది. అప్పుడు వామనరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ ఒక్క మాట పొద్దున్న నేనూ అడిగి ఉంటే ఎంత బాగుండేది మామ్మా!" అన్నాడు.

"ఇప్పుడు అడిగేవుగా. పద, ఆటు పూర్తిగా తియ్యకముందే మిగతా బిందెలు దింపాల," అంది మసేనమ్మ.

చెలమ తేరుకునేదాకా వామనరావు ఆ ఊరు కదలలేదు.

నీతి: సాయం చేయాలనే మంచి మనసు ఒక్కటే చాలదు; ఏం కావాలో ఎదుటివారిని అడిగి, వారు చెప్పింది విని చేస్తేనే అది సాయం అవుతుంది.