కంబలమ్మ పారబోసిన కడుగు నీళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున గుట్ట మీద, ఒక నల్లబండ పక్కన, కంబలమ్మ అనే ఎలుగుబంటి కాపురముండేది. ఒళ్లంతా గొంగళి కప్పుకున్నట్టు ఉంటుందని ఆ పేరు.

మర్యాదలో కంబలమ్మకు వంక పెట్టలేం. ఎవరొచ్చినా తోమిన చెంబుతో మంచినీళ్లు ఇచ్చేది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. ఇసకలో తవ్విన చెలమ ఒక్కటే దిక్కు. కంబలమ్మ పొద్దున్నే గుట్ట దిగి, నీరు ఊరేదాకా కూర్చుని, రెండు కడవలు మోసుకొచ్చేది. అవి తాగడానికీ, వంటకూ చాలేవి కావు. బియ్యం కడిగిన కడుగు నీళ్లు మాత్రం, ఎప్పటి అలవాటు కొద్దీ, వాకిట్లోని బండ మీద పారబోసేది. చూస్తుండగానే బండ వాటిని తాగేసేది.

పెరట్లో ఆనపపాదు నీడన చుక్కాలు అనే ముసలి దుప్పి ఉండేది. కాలు విరిగినప్పటి నుంచి గుట్ట దిగలేదు. ఆకుల మీది చెమ్మతో రోజులు నెట్టుకొస్తోంది.

ఒకనాడు చుక్కాలు అడిగింది. "కంబలమ్మా, ఆ కడుగు ఇటు పొయ్యరాదూ?"

కంబలమ్మ నాలుక కరుచుకుంది. "అయ్యో, చుక్కాలక్కా! పెద్దదానివి, నీకు కడుగు పొయ్యడమా? నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు. రేపు మంచినీళ్లే తెస్తాలే."

తెల్లారి చెలమలో కడవన్నరే ఊరింది; చుక్కాలుకు చుక్క మిగల్లేదు.

ఆ రోజే పాదు మీది పిచ్చుక అరిచింది. "అత్తా, పాదు వాడిపోతోంది. కూరలు కడిగిన నీళ్లన్నా దీని మొదట్లో పొయ్యి. చుక్కాలక్కకు ఈ నీడా పోతే ఎట్లా?"

"మురికి నీళ్లు తాగిన పాదు కాయ చుట్టాలకెట్లా పెట్టేది? నీకేం తెలుసు, పిడికెడు లేవు!" అంది కంబలమ్మ.

పాదు ఎండింది. నీడ పోయింది.

మూడోనాడు చుక్కాలు ఏమీ అడగలేదు. కంబలమ్మ కడుగు పారబోసి లోపలికి తిరిగేసరికి వెనక చప్పుడైంది. చుక్కాలు కుంటుకుంటూ వచ్చి కాలే బండను నాకుతోంది. కంబలమ్మకు సిగ్గేసింది. చూడనట్టు తలుపు దగ్గరికి వేసుకుంది. 'రేపు తప్పకుండా ఒక కడవ ఈమెకే' అనుకుంది.

అనుకున్నమాట నిలబెట్టుకుంది. తెల్లవారుతూనే వెళ్లి నిండు కడవ తెచ్చింది. చెంబు తోమింది. పెరట్లోకి వెళ్లింది.

ఎండిన తీగల కింద చుక్కాలు పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. మూతి మీద బండ దుమ్ము అంటుకుని ఉంది.

"అక్కా, మంచినీళ్లు తెచ్చానే," అంది కంబలమ్మ.

పిచ్చుక కిందికి దిగింది. "ఆమె అడిగింది మంచినీళ్లు కాదత్తా," అంది.

ఆ రోజే కంబలమ్మ పెరట్లో ఒక కుడితి తొట్టి పెట్టింది. కడుగు నీళ్లన్నీ అందులోకే. కుందేళ్లు వచ్చి తాగాయి. అడవిపందులు తాగాయి. ఎవరూ ఆమె మొహాన ఉమ్మలేదు. మిగిలిన నీళ్లతో కొత్త పాదు ఎగబాకింది. కాయలూ కాసింది.

కానీ దాని నీడలో ఎవరూ పడుకోలేదు. కడుగు తీసుకుని గడప దాటిన ప్రతిసారీ కంబలమ్మ ఒక్క క్షణం ఆగి, ఆ పొడిబండ వైపు చూసేది.

నీతి: రేపు ఇస్తామన్న మంచినీళ్ల కన్నా, ఈ పూట పారబోసే కడుగు నీళ్లే ఒక ప్రాణం నిలబెడతాయి.